పాలపన్ను కదిలిన రోజులు

మా బాబుకు ఏడాది నిండకముందే చెవులు కుట్టించాం. కంసాలాయన మా ఇంటి అరుగు మీద కూర్చుని, వాణ్ణి మా అత్తమ్మ ఒళ్ళో పడుకోబెట్టించి, బంగారు తీగ ఇట్టే దింపేశాడు. వాడు కెవ్వుమని ఏడ్చి, బెల్లం ముక్క నోట్లో పెట్టగానే ఊరుకున్నాడు. వచ్చినవాళ్ళకు పుట్నాలు, బెల్లం పంచాం. అందరూ వెళ్ళాక చూస్తే వాడి మెడ కింద అంగీ తడిసి ఉంది. తుడిచాను. మళ్ళీ తడిసింది. పసుపు అద్దాం. కాల్చిన నూలుబట్ట మసి అద్దాం. ఎడమ చెవి ఎలాగో ఆగింది గాని, కుడిచెవి మర్నాడు పొద్దెక్కేదాకా చుక్క చుక్కగా కారుతూనే ఉంది.

"నరం తగిలినట్టుంది బిడ్డా. కంసాలోడు తొందరవడ్డడు," అంది మా అత్తమ్మ.

నాకు మా అన్న గుర్తొచ్చాడు.

మా పుట్టిల్లు హన్మకొండ. నా చిన్నతనంలో మా అన్న ఎడ్లబండి మీంచి దూకి మోకాలు కొట్టుకున్నాడు. పైకి కనిపించింది గీరుకున్నంత దెబ్బే. కాలు మాత్రం తొడ దాకా వాచి నల్లబడింది. ఎవరో నూనె రాసి గట్టిగా పిసికితే తగ్గుతుందన్నారు. పిసికారు. వాడి అరుపులు వినలేక నేను వంటింట్లో గంగాళం వెనక దాక్కున్నాను. వారం తిరక్కుండానే పోయాడు. దిష్టి అన్నారు, గాలి అన్నారు. మా అమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడట, అతడూ చిన్నప్పుడు ఇలాగే పోయాడట. మా ఇంట్లో ఆ ఇద్దరి మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

మా ఆయనకు వరంగల్ బజారులో ఇత్తడి, రాగి సామాన్ల దుకాణం. ఇల్లు దాని వెనక సందులోనే. బాబు నడక నేర్చిన దగ్గర్నుంచి ఆ దుకాణం అంటే నాకు వణుకు. ఎటు చూసినా తాంబాళాల అంచులు, బిందెల మూతులు. వాడు పడ్డచోటల్లా ఒంటి మీద నీలం మచ్చ లేచేది. ముట్టుకుంటే గట్టిగా, లోపల ఉసిరికాయ దాచినట్టు ఉండేది. నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఒకామె వాడి వీపు చూసి, "ఇంత చిన్న పోరణ్ణి గట్ల ఎట్ల కొట్టబుద్దయితదమ్మా నీకు?" అని నన్ను నిలదీసింది. ఆ రోజు నుంచి ఎండాకాలంలో కూడా వాడికి నిండుచేతుల అంగీ తొడిగేదాన్ని.

మూడో ఏడు వచ్చాక మోకాలు వాచింది. దెబ్బ తగల్లేదు, పడలేదు. పొద్దున లేచేసరికి కాలు చాపలేక ఏడుస్తున్నాడు. మా అత్తమ్మ నువ్వులనూనె వెచ్చచేసి తెచ్చింది. ఆ గిన్నె చూడగానే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అత్త చెయ్యి పట్టుకుని ఆపడం నాకు అదే మొదలు.

"వద్దత్తమ్మా. పిసుకద్దు. దవాఖానకు పోదాం."

పెద్ద దవాఖానలో పిల్లల డాక్టరు నడివయసు మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. బాబు వేలికొసన చిన్నగా పొడిచి, ఆ నెత్తురు గడ్డకడుతుందేమోనని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి నా వైపు తిరిగాడు.

"మీ పుట్టింట్లో ఎవరికైనా ఇలా అయిందా అమ్మా? అన్నదమ్ములకు గాని, మేనమామలకు గాని?"

మా అత్తమ్మ నా పక్కనే నిలబడి ఉంది. మా ఆయన తలుపు దగ్గర ఉన్నాడు.

"అయింది సార్. మా అన్నకు. మా మేనమామకు గూడ అయిందంటరు."

డాక్టరు తలూపాడు. ఇది నెత్తురు గడ్డకట్టని జబ్బనీ, తల్లి వైపు నుంచి కొడుకులకు వస్తుందనీ, తల్లిలో పైకి ఏమీ కనిపించదనీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ చెప్పాడు. మా అత్తమ్మ "తల్లి వైపు నుంచి" అన్నంత వరకే విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది.

ఆ తర్వాత డాక్టరు చెప్పినవి నేను ఒక్కదాన్నే విన్నాను. కీళ్ళు పిసకొద్దు. వాచినచోట తడిబట్ట చల్లగా వేసి కదలకుండా పడుకోబెట్టాలి. సూదిమందు ఎవరు ఇవ్వబోయినా ముందు ఈ జబ్బు సంగతి చెప్పాలి. నెత్తురు ఆగకపోతే రక్తం ఎక్కించడం తప్ప దారి లేదు.

"అదీ సీసాలో నిలవ ఉన్న రక్తం వీడికి పెద్దగా పనిచేయదు," అన్నాడు. "మనిషి ఒంట్లోంచి అప్పటికప్పుడు తీసింది కావాలి. గ్రూపు కలిసేవాళ్ళను ఇప్పుడే పరీక్ష చేయించి పెట్టుకోండి. ఆ రోజు వచ్చాక వెతుక్కుంటే కష్టం."

మా ఆయన అప్పుడే చేయి చాపాడు. కలవలేదు. నాది వద్దన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చాక మా అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడడం మానేసింది. పోట్లాడలేదు, ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "కోడలు తిన్నదో లేదో అడుగు" అని కొడుకుతో చెప్పేది. "నీళ్ళు కాగినయని చెప్పు" అని మూడేళ్ళ మనవడితో కబురు పంపేది. వాణ్ణి మాత్రం నాకంటే ఎక్కువగా కనిపెట్టుకుని తిరిగేది.

మా ఆయన బజారులో తెలిసినవాళ్ళందరినీ అడిగాడు. "దానికేముంది సేటూ, నీ కొడుకు మాకు గాదా, కబురువెట్టు" అన్నారు అందరూ. పరీక్షకు రమ్మంటే మాత్రం ఒకరికి జ్వరం, ఒకరింట్లో పెళ్ళి. వాళ్ళను తప్పుపట్టలేను. ఒకసారి నెత్తురు తీస్తే మనిషి మళ్ళీ కోలుకోడనీ, బరువు ఎత్తలేడనీ ఆ రోజుల్లో అందరూ నమ్మేవాళ్ళు. చివరికి మా మరిది ఒక్కడే వెళ్ళాడు. కలిసింది. వేలికి సూది గుచ్చినందుకే వాడి మొహం పాలిపోయింది. "వదినా, ఇంత సుక్కకే గిట్లుంటే సీసెడు ఎట్లిస్తనే" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మా వెనకింట్లో ఒక తురక కుటుంబం ఉండేది. మా పెరటికీ వాళ్ళ పెరటికీ మధ్య గోడలో చిన్న తలుపు ఉండేది. ఆలుమగలు ఇద్దరూ బజారు మలుపులో గాజుల దుకాణం నడిపేవాళ్ళు. ఆమెను అందరూ ఆపా అనేవాళ్ళు, అక్క అని. పిల్లలు లేరు. ఒకరోజు బాబు వాళ్ళ గడప తట్టుకుని పడ్డాడు. మోచేయి వాచి రెండు వారాలు మంచం మీద ఉన్నాడు. ఆపా వచ్చి వాడి చెయ్యి చూసింది. జబ్బు గురించి నన్ను అడిగి అడిగి తెలుసుకుంది. మర్నాడు తన గడపకు పాతబొంత చుట్టి మేకులు కొట్టించింది. ఆ తర్వాత మా ఇంటికొచ్చి, రోలు చుట్టూ, మంచం కోళ్ళకు, చేదబావి గట్టుకు గోనెపట్టాలు కట్టింది. వాడి లాగుల మోకాళ్ళ దగ్గర లోపలి వైపు దూది పెట్టి కుట్టింది. వీధి పిల్లలను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్పింది.

"వీడు మీ లెక్క గాదు. వీనితోని ఆడాలె, గని నూకొద్దు. ఎవడన్న నూకిండో, వాని అమ్మకు నేను గాజులు తొడగ."

వాడికి ఆరో ఏడు వచ్చింది. నేను మళ్ళీ కడుపుతో ఉన్నాను. ఒకనాడు అన్నం తింటూ వాడు నోరు తెరిచి నాకు చూపించాడు.

"అమ్మా, పన్ను ఊగుతాంది సూడు!"

కింది వరసలో ముందు పన్ను. పిల్లల పాలపన్ను కదిలితే తల్లులు మురిసిపోతారు. నాకు మాత్రం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ పన్ను ఊడక మానదు. ఏ రోజు ఊడుతుందో తెలియదు. దాని వెనక ఇంకా నోటినిండా పళ్ళున్నాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, లాగొద్దనీ, దానంతట అదే ఊడనివ్వమనీ, ఊడగానే ఒక్క నిమిషం ఆగకుండా తీసుకురమ్మనీ చెప్పాడు.

అన్నం మెత్తగా పిసికి పెట్టేదాన్ని. రొట్టె పాలలో నానబెట్టేదాన్ని. వాడు నాలుకతో పన్నును అటూ ఇటూ ఊపుతూనే ఉండేవాడు. నేను చూస్తే ఆపేవాడు. తల తిప్పుకుంటే మళ్ళీ మొదలుపెట్టేవాడు. వాడు తుమ్మినా దగ్గినా నేను పరుగెత్తి నోరు తెరిపించేదాన్ని. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా, ఇది కూడా మగపిల్లవాడైతే ఎలా అన్న ఆలోచన వచ్చేది. దాన్ని ఎవరితోనూ అనలేకపోయేదాన్ని.

ఆపా ఒకరోజు గోడ తలుపు తీసుకుని వచ్చి నా ముందు కూర్చుంది.

"ఎవరెవరు తయారున్నరు నెత్తురియ్యనీకి?"

"మా మరిది ఉన్నడు."

"ఒక్కడా?"

"ఇంకెవ్వలు రాలేదు ఆపా."

"మగోళ్ళను అడిగిన్రు, రాలేదు. మరి ఆడోళ్ళను అడిగిన్రా?"

నేను ఆమె మొహంలోకి చూశాను. ఆ మాట మా ఎవరికీ తట్టలేదు. ఆడవాళ్ళ దగ్గర నెత్తురు తీసుకుంటారని కూడా మాకు తెలియదు. ఆపా ఆ సాయంత్రమే బురఖా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వచ్చింది. ఆరోగ్యంగా ఉండి, గ్రూపు కలిస్తే ఎవరిదైనా పనికొస్తుందన్నాడు ఆయన. ఆమె అక్కడే చేయి చాపింది. కలిసింది.

ఆ మర్నాటి నుంచి ఆపా దుకాణంలో గాజులు తొడుగుతూ ప్రతి ఆడమనిషినీ అడగడం మొదలుపెట్టింది. "గాజు తొడిగేటప్పుడు చెయ్యి నా చేతుల ఉంటది. ఏడికి పోతరు? ఇనాలె," అని నవ్వేది. కొందరు విన్నారు. ఇద్దరు ముగ్గురు దవాఖాన దాకా వచ్చారు కూడా. ఒకామెది కలిసింది. ఆమె భర్త ఆ సాయంత్రమే గాజుల దుకాణం ముందుకొచ్చి నానా మాటలూ అన్నాడు. ఆమె మళ్ళీ రాలేదు. ఆపా భర్త మెతక మనిషి. "జర సబూర్ జెయ్, ఓపిక వట్టు, అందరితోని లొల్లి ఎందుకు" అన్నాడు భార్యతో. "పన్ను సబూర్ జేస్తదా?" అని అడిగింది ఆమె.

పన్ను ఊడిన రోజు పొద్దున మా మరిది తొర్రూరు అంగడికి బిందెలు వేసుకుని వెళ్ళాడు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. బాబు వీధిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాడి మొహం వెలిగిపోతోంది. అరచేతిలో బియ్యపుగింజంత పన్ను ఉంది. గడ్డం మీద నుంచి ఎర్రగా కారుతోంది. ఎవరో పిల్లవాడు కాల్చిన మక్కకంకి ఇస్తే కొరికాడట.

"అమ్మా, ఊడింది! పెంకల మీద ఏద్దాం దా!"

నేను వాణ్ణి ఎత్తుకోబోయాను. వాడు తన్నుకున్నాడు. పన్ను పెంకుల మీద వేయకపోతే కొత్తది రాదని వాడికి వాళ్ళ నాయనమ్మే చెప్పింది. "ముందు ఎయ్యాలె, ముందు ఎయ్యాలె" అని ఏడుపు. ఏడ్చినకొద్దీ నోట్లో నెత్తురు ఎక్కువైంది. మా అత్తమ్మ లోపల్నుంచి వచ్చి, వాడి చేతిలోంచి పన్ను తీసుకుని, ఒక్క విసురు విసిరింది. అది గూనపెంకుల మీద టక్కుమని పడి దొర్లింది. వాడు ఊరుకున్నాడు. మడత పెట్టిన బట్ట ఇచ్చి గట్టిగా కొరికి పట్టుకోమన్నాను. ఏడుపు విని ఆపా అప్పటికే రిక్షా పిలిచింది.

డాక్టరు పన్ను ఊడిన చోట మందులో తడిపిన దూది కుక్కి, దాని మీద కొరికి పట్టుకోమన్నాడు. సాయంత్రానికి ఆగినట్టే కనిపించింది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకుని ఊపిరి పీల్చుకున్నాం. మర్నాడు పొద్దున దూది తీసేసరికి మళ్ళీ మొదలైంది. పోటెత్తి కారడం కాదది. అలా ఊరుతూనే ఉంటుంది. నల్లగా, మెత్తగా గడ్డలాంటిది పంటిచిగురు మీద పేరుకుంటుంది, దాని అంచు నుంచి సన్నగా ఊరుతూ ఉంటుంది. వాడు మింగుతున్నాడని మాకు తెలియలేదు. ఉన్నట్టుండి వాంతి చేసుకున్నాడు. పళ్ళెమంతా కాఫీ మడ్డిలాగా నల్లగా ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. నీళ్ళ చెంబు చూపించి "దూప అయితాంది" అన్నాడు. ఆ గొంతు వాడిది కాదు.

డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూశాడు. "ఇక ఆగలేం. మనుషులను పిలిపించండి," అన్నాడు.

మా మరిది అంగడి ముగించుకుని రాత్రికి అక్కడే మా బంధువుల ఇంట్లో ఆగిపోయాడు. ఆపా భర్త మారుమాట లేకుండా బస్టాండుకు పరుగెత్తాడు. ఆపా ముందుకొచ్చి నిలబడింది.

"నాది తీయున్రి."

"మీ ఆయనను అడిగారా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఆయన తొర్రూరు బస్సుల పోతాండు సార్. అచ్చినంక అడుగుత."

నర్సు ఆమెను బల్ల మీద పడుకోబెట్టింది. చేతినిండా గాజులు. మోచేతి దాకా ఉన్నాయి. అవి తీస్తేగాని పట్టీ కట్టడానికి వీల్లేదంది నర్సు. ముత్తయిదువ గాజులు తీయడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ ఇంట్లోనూ అంతేనని తెలుసు. నేను ఏదో అనబోయాను. ఆపా లేచి కూర్చుని, ఒక్కటి పగలకుండా గాజులన్నీ జార్చి నా ఒళ్ళో పోసింది.

"పట్టుకో. మల్ల తొడుక్కుంట. ఊకె గట్ల సూడకు, నాకు భయమైతది."

ఆమెకు భయం వేస్తోందని నాకు అప్పుడు తెలిసింది. పెద్ద సూది, రబ్బరు గొట్టం, గాజుసీసా. ఆమె కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ పడుకుంది. సీసా నిండగానే డాక్టరు దాన్ని స్వయంగా తీసుకెళ్ళి బాబు మంచం పక్కన కర్రకు వేలాడదీశాడు. వాడి చేతికి నరం దొరకలేదు. వెతికి వెతికి చివరికి కాలి చీలమండ పైన పెట్టాడు. చుక్కలు దిగడం మొదలైంది. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఆ చుక్కలు చూస్తూ కూర్చున్నాను. ఒక చుక్క ఆలస్యమైతే నా ఊపిరి కూడా ఆగేది.

మధ్యాహ్నానికి వాడి పెదవులకు కాస్త రంగు వచ్చింది. కానీ చిగురు నుంచి ఊరడం పూర్తిగా ఆగలేదు. ఇంకొంత ఎక్కించాలన్నాడు డాక్టరు. తొర్రూరు నుంచి ఎవరూ రాలేదు. బస్సు దొరికిందో లేదో, మా మరిది కనిపించాడో లేదో తెలియదు. ఆపా పక్క మంచం మీద నీరసంగా పడుకుని, "నాదే ఇంకింత తీయున్రి" అంటోంది. డాక్టరు వినడం లేదు.

మా అత్తమ్మ అప్పుడే ఇంటి నుంచి క్యారియరు తీసుకుని వచ్చింది. సంగతంతా వింది. క్యారియరు కింద పెట్టి డాక్టరు ముందుకు వెళ్ళింది.

"నాది సూడున్రి."

"మీకు వయసెంత అమ్మా?"

"లెక్క నాకేం ఎరుక? పొద్దుగాల బాయిల నీళ్ళు నేనే చేదుత. పిండి నేనే ఇసురుత. ముసలిదాన్నయితే గియన్ని ఎవలు జేస్తాన్నరు?"

ఆయన ఆమె కళ్ళు చూశాడు, నాడి చూశాడు, చేతికి పట్టీ కట్టి బీపీ చూశాడు. వేలి చుక్క తీసుకుని లోపలికి వెళ్ళాడు. మేం ఎదురుచూశాం. కొడుకుది కలవనప్పుడు తల్లిది ఎలా కలుస్తుందని నేను అనుకున్నాను. ఆయన తిరిగి వచ్చి, "కలిసింది. కాని సగం సీసాకు మించి తీయను," అన్నాడు.

మా మామగారు పోయాక మా అత్తమ్మ పరాయి మగవాడి ముందు కొంగు జారనిచ్చిన మనిషి కాదు. ఆ రోజు బల్ల మీద చెయ్యి చాపి పడుకుంది. సూది దిగేటప్పుడు మొహం నా వైపు తిప్పింది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి నన్ను నేరుగా పిలిచింది.

"బిడ్డా, ఇటు రా."

వెళ్ళాను.

"నాకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయిన్రు. నీకు ఎవలన్న చెప్పిన్రో లేదో. ఎందుకు పోయిన్రో నాకు ఒక్కలు జెప్పలే. నా తల్లి వైపు నుంచి వచ్చిందో, ఎటు నుంచి వచ్చిందో." రెండో చేత్తో క్యారియరు వైపు చూపించింది. "క్యారియర్ల పెరుగన్నం ఉంది. తిను. కడుపుల ఇంకో పానం ఉన్నది."

నేను అక్కడే కింద కూర్చుని తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. ఆమె చూస్తూ ఉంది.

పొద్దు వాలేముందు మా మరిది వచ్చాడు. బట్టలనిండా దుమ్ము, చెప్పులు లేవు. బస్టాండు నుంచి పరుగెత్తుకుని వచ్చాడట. బల్ల ఎక్కి పడుకున్నాడు. "వదినా, నా దిక్కు సూడకు, ఏమన్న మాట్లాడు" అన్నాడు. బిందెలు అమ్ముడుపోయాయా అని అడిగాను. అంతకంటే నాకు ఏమీ తోచలేదు. ఆ మర్నాటికి చిగురు మీది గడ్డ ఎండి, ఊరడం ఆగింది. డాక్టరు రోజూ టార్చిలైటు వేసి చూస్తూ, ఇంకో వారం అక్కడే ఉంచాడు.

నాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టిందని తెలియగానే మా అత్తమ్మ గోడకు ఒరిగి, "బతికిచ్చినవు దేవుడా" అందట. ఆ పిల్లలో కూడా జబ్బు దాగి ఉండొచ్చు, దాని కొడుకులకు రావొచ్చు అన్నాడు డాక్టరు. అది అప్పటి మాట కదా అనుకున్నాను. ముందు ఈ ఏడు గడవాలి. బాబుకు ఇంకో పన్ను కదులుతోంది.

ఆ ఏడాది చలికాలంలో డాక్టరు దవాఖాన మనిషిని తోడిచ్చి ఒక జంటను మా ఇంటికి పంపాడు. తొర్రూరు అవతల పల్లె. పత్తి చేను చేసుకునే రైతులు. వాళ్ళ కొడుకు కూడా మావాడి లాంటివాడే, వయసు కాస్త తక్కువ. బండి నొగ మీంచి జారి తల కొట్టుకున్నాడు. పైకి చిన్న బొప్పి. రెండు రోజుల తర్వాత మగతలోకి వెళ్ళాడు. ఈ ఊళ్ళో వాళ్ళకు పిలిస్తే పలికే మనిషి లేడు.

మా అత్తమ్మ ముందుగది ఖాళీ చేసి వాళ్ళ మూట అక్కడ పెట్టించింది. పొయ్యి మీద అన్నం ఎక్కించింది. ఆపా దుకాణం మూసి బజారులోకి నడిచింది. ఈసారి మగవాళ్ళు కూడా ఇద్దరు వచ్చారు. మా పిల్లవాడు బతికి తిరుగుతుంటే వాళ్ళు కళ్ళారా చూశారు. ఆపా మీద అరిచిన ఆ మనిషి భార్యను వెంటబెట్టుకుని తనే వచ్చాడు. నేను చంటిపిల్లను చంకనేసుకుని రోజూ దవాఖానకు వెళ్ళేదాన్ని. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగేది. "మీ పిలగాడు గూడ గిట్లనే ఉండెనా? గిట్లనే కండ్లు మూసుకుండెనా?"

లేదు, మావాడికి వచ్చింది నోట్లో, వీడికి తలలో. ఆ తేడా ఏమిటో డాక్టరు నాకు చెప్పాడు. ఆమెకు నేను చెప్పలేదు. "దేవుని మీద భారమెయ్యి" అన్నాను.

నెత్తురు ఎక్కించారు. అందరూ ఇచ్చారు. అయినా మూడోనాటి మధ్యాహ్నం పిల్లవాడు పోయాడు.

పిల్లవాడితో వాళ్ళను బస్సు ఎక్కనివ్వరు. మా మరిది వర్ధన్నపేట మీదుగా తొర్రూరు వెళ్ళే సరుకు లారీ డ్రైవరును బతిమాలి ఒప్పించి, తనే వెంట వెళ్ళి ఊరు దాకా దించి వచ్చాడు. ఆ సాయంత్రం బాబు ముందుగదిలోకి తొంగి చూసి, "ఆ పిలగాడు ఏడి? తగ్గిందా?" అని అడిగాడు. మా ఆయన వాణ్ణి ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళిపోయాడు. నేను వాడి మోకాళ్ళూ, మోచేతులూ, తలా తడుముకుంటూ చాలా రోజులు గడిపాను. మాకు ఏదో దొరికింది, వాళ్ళకు దొరకలేదు. ఎందుకో ఎవరు చెప్పగలరు?

పత్తి ఏరడం అయిపోయాక ఆ తల్లి ఒక్కతే వచ్చింది. నెత్తిన గంపలో పెసలు, కందులు. అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగింది. బాబు బడి నుంచి వచ్చే వేళ అయింది. వాణ్ణి ఈమె కంటపడనివ్వాలా వద్దా అని నాలో నేనే నలిగిపోయాను. పెరటి తలుపు నుంచి లోపలికి రప్పించమని ఆపాకు సైగ చేద్దామనుకున్నాను. ఈలోగా వాడు వీధి తలుపు నుంచే వచ్చేశాడు.

ఆమె వాణ్ణి పిలిచింది. వాడు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. గడ్డం పట్టుకుని నోరు తెరవమంది. ముందు పన్ను కొత్తది వచ్చింది, అంచు రంపంలాగా ఉంది. దాన్ని చూసింది. లాగులో దూది కుట్టిన మోకాలు తడిమి చూసింది. వాడికి కితకితలు పెట్టినట్టయి నవ్వాడు. ఆమె ఏడవలేదు.

"అక్కా," అంది నాతో, "డాక్టర్ సాబు తాన నాది గూడ ఏ నెత్తురో సూపియ్యి. ఆనాడు నాది వద్దన్నడు. మా పోరనికైతే వద్దన్నడు గని, మీ పోరనికి అక్కరకొస్తదేమో. ఒస్తే కబురువెట్టు. బస్సెక్కి వస్త."

డాక్టరును అడిగాం. ఆమెకు కూడా నాలాగే ఆ జబ్బు నెత్తురులో ఉంటుంది కాబట్టి మావాడికి పనికిరాదన్నాడు. వేరే జబ్బు పిల్లలకు, కాన్పులో నెత్తురు పోయిన తల్లులకు పనికొస్తుందన్నాడు. ఆమె దానికీ సరేనంది. వేలి చుక్క ఇచ్చి, గ్రూపు పేరు పలకడం రాక, నా చేత పదిసార్లు చెప్పించుకుని నేర్చుకుంది.

మావాడి పాలపళ్ళన్నీ ఊడేసరికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. ఒక్కో పన్నుకు ఒక్కో గండం. కొన్ని ఇంట్లోనే ఆగాయి, కొన్నింటికి దవాఖానకు పరుగెత్తాం. కుడి మోకాలు బిగుసుకుపోయి పూర్తిగా చాచలేడు. కూర్చుని చేసే పని కావాలని గడియారాల రిపేరు నేర్చుకున్నాడు. చౌరస్తా దగ్గర చిన్న దుకాణం పెట్టుకుని, పెళ్ళి చేసుకుని, నడివయసు దాకా బతికాడు. అంతకాలం బతుకుతాడని ఆ డాక్టరు కూడా అనుకోలేదని తర్వాత తెలిసింది.

ఆ ఏళ్ళల్లో తొర్రూరు అవతలి ఆమెకు డాక్టరు కబురు పెట్టినప్పుడల్లా మా ఇంటి చిరునామాకే పెట్టేవాడు. మేం బస్సు కండక్టరు చేతికి చెప్పి పంపేవాళ్ళం. మర్నాడు మొదటి బస్సుకు దిగేది. నెత్తురు ఎవరి కోసమో అడిగేది కాదు. మా అత్తమ్మ పెట్టిన అన్నం తిని, ఆపాను వెంటబెట్టుకుని దవాఖానకు నడిచేది.